‘తుంటి మీద కొడితే పళ్ళు రాలాయి’: ఇంతకీ తుంటి ఎక్కడ?

ప్రశ్న: ఈ సామెతలో తుంటి అంటే ఏ భాగమండీ? సింహాచలం గిరిప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచి వచ్చినప్పటి నుంచి మా అత్తయ్య ‘తుంటి నొప్పి’ అంటున్నారు. చెయ్యి మాత్రం తొడ పక్కన, ప్యాంటు జేబు ఉండే చోట పెడుతున్నారు. పొరుగావిడేమో ‘కీలు అరిగిపోయింది, మార్పిడి తప్పదు’ అని తేల్చేశారు.

జవాబు: నడుముకు కింద, తొడ మొదలయ్యే చోట పక్కభాగం తుంటి. వెనక కండ పిరుదు, ముందు మడత గజ్జ. పత్రికలు ‘తుంటి మార్పిడి’ అని రాసీ రాసీ ఆ మాట వింటే కీలే గుర్తొస్తోంది. దెబ్బ ఒకచోట, ఫలితం పొంతన లేని మరోచోట అన్నప్పుడు సామెతను వెటకారంగా వాడతాం.

మరొకరు: నేను విశాఖలోనే ఫిజియోథెరపిస్టును. కీలు అరిగితే నొప్పి ఎక్కువగా గజ్జలో తెలుస్తుంది. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు పరుపుకు ఒత్తుకునే ఎముక బొడిపె దగ్గర నొప్పి అయితే, చాలాసార్లు అక్కడ అతుక్కునే పిరుదు కండరాల స్నాయుబంధనాలదే, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్ళలాంటి వాటిదే. జనం వాటినీ ‘నరం’ అనే అంటారు, సయాటికా (నడుము దగ్గర నరం నొక్కుకుని కాల్లోకి దిగే నొప్పి) అనుకొని నడుముకు స్కాను తీయించుకుంటారు. నొప్పి తొడ పక్కగా మోకాలి దాకా దిగుతుంది కాబట్టి మోకాలికి మందు రాసుకునేవారూ ఉన్నారు. అక్కడ మీ సామెత వెటకారం కాదు, అక్షరాలా నిజం! నలభై దాటిన స్త్రీలలో ఇది ఎక్కువ.

తొడ రెండో కాలి వైపు వాలినప్పుడల్లా తొడ పక్కనున్న గట్టి పట్టీ ఆ స్నాయుబంధనాలను ఎముకకేసి నొక్కుతుంది. కాలు మీద కాలు వేసుకొని కూర్చోవడం, బిడ్డను చంకనెత్తుకొని ఒక పక్కకు ఒరిగి నిలబడటం, అన్నీ దీనికి చేటే. ఒంటిని మూడు వంపులు తిప్పి నిలబడే త్రిభంగి భంగిమను శిల్పాలకు వదిలేయాలి.

ప్రశ్న అడిగినవారు: నడక మానిపించాలా? రోజూ మోకాలిని రెండో భుజం వైపు లాగి సాగదీస్తున్నారు.

ఫిజియోథెరపిస్టు: ముందు ఆ సాగదీత ఆపించండి. అదీ నొక్కుడే. పూర్తి విశ్రాంతీ వద్దు, పని తగ్గితే స్నాయుబంధనం ఇంకా నీరసిస్తుంది. బీచ్ రోడ్డు మీద, మర్నాటికి నొప్పి పెరగనంత దూరం నడవనివ్వండి. కొండ మెట్లు కొన్నాళ్ళు వద్దు. రాత్రి నొప్పి లేని వైపు తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోమనండి. వెల్లకిలా పడుకొని మోకాళ్ళు మడిచి పిరుదులు పైకెత్తే వ్యాయామంతో మొదలుపెట్టి, మెల్లగా ఆ కండరాల మీద పడే బరువు పెంచాలి.

2018లో ఆస్ట్రేలియాలో 204 మందిపై చేసిన పరిశోధనలో, 8 వారాలకు ఇలాంటి జాగ్రత్తలూ వ్యాయామమూ పాటించినవారిలో వందకు 77 మంది, స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 58 మంది బాగా మెరుగయ్యామన్నారు. కుదురుకోవడానికి నెలలు పడుతుంది. పడిపోయి నొప్పి మొదలైనా, కాలు మోపలేకపోయినా మాత్రం ఇవేవీ కాదు, నేరుగా ఎముకల వైద్యుడి దగ్గరకే తీసుకెళ్ళండి.