తక్కువ ధర విదేశీ టార్గెట్ పిస్టల్: కొనొచ్చా, డబ్బు దండగా?

పర్లాకిమిడి నాన్న

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. 2024లో పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచినప్పటి నుంచి దీనికి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మీదే ధ్యాస. వేసవి సెలవుల్లో విశాఖలో మా తోడల్లుడి ఇంట్లో ఉండి ఒక రేంజ్‌లో (షూటింగ్ సాధన చేసే చోట) నేర్చుకుంది. అక్కడ పిస్టల్ వాళ్లే ఇచ్చారు. ఇంటికొచ్చాక చేతిలో ఏమీ లేదు. ఒక దుకాణంలో చైనా స్ప్రింగ్ పిస్టల్ చూపించారు, పది వేల లోపే వస్తుంది. మ్యాచ్‌ల్లో వాడే స్టెయర్, మోరిని, వాల్తర్ లాంటివి అడిగితే లక్షన్నర పైమాటే అన్నారు. నాది చిన్న కిరాణా కొట్టు. పనికొస్తుందంటే ఆ పది వేలది రేపే కొంటాను, దండగంటే మానేస్తాను. తెలిసినవాళ్లు చెప్పండి.

బల్లార్షా పేపర్‌మిల్లు

కొనండి అన్నా, ఆలోచించకండి. టార్గెట్ నట్టనడుమ పది పాయింట్ల రింగు 11.5 మిల్లీమీటర్లు, నల్ల వృత్తం మొత్తం 59.5 మిల్లీమీటర్లు. కొత్తగా నేర్చుకునే పిల్ల చెయ్యి ఆ నల్ల వృత్తమంతా ఊగుతుంది. అలాంటప్పుడు పిస్టల్ ఒక సెంటీమీటరు అటూ ఇటూ కొట్టినా తేడా ఎవరికి తెలుస్తుంది? ఖరీదైనది కొన్నంత మాత్రాన టెన్షన్ పోదు. 2021లో టోక్యోలో మను భాకర్ పిస్టలే క్వాలిఫికేషన్ మధ్యలో మొరాయించింది. బోలెడు టైము పోయి స్కోరు 575 దగ్గర ఆగింది, ఫైనల్‌కు వెళ్లలేకపోయింది. మన ఊళ్లలో రేంజ్ లేదు, క్లబ్బు లేదు. లక్షన్నర కూడబెట్టే దాకా ఆగితే ఆ పిల్ల ఇంజినీరింగ్‌లో చేరిపోతుంది. పెరట్లో 10 మీటర్ల జాగా ఉంటే ఇవాళే మొదలుపెట్టించండి.

రాయగడ కోచ్

పర్లాకిమిడి అన్నయ్యా, కాస్త ఆగండి. పది వేలది కొనొద్దని మాత్రమే చెప్పి వదిలెయ్యను, కారణం చెబుతాను. ఎందుకంటే ఇలాంటి పిస్టళ్లతో మా దగ్గరకు వచ్చే పిల్లల వేళ్లు సరిచెయ్యడమే నాకు సగం పని.

బల్లార్షా తమ్ముడు గురి గురించి చెప్పిన లెక్క సరైనదే. కానీ పిస్టల్ షూటింగ్ గురితో గెలిచేది కాదు, ట్రిగ్గర్‌తో గెలిచేది. నిబంధనల ప్రకారం 10 మీటర్ల పిస్టల్ ట్రిగ్గర్ లాగడానికి కనీసం 500 గ్రాముల బరువు పట్టాలి. మ్యాచ్ పిస్టళ్లన్నీ దాదాపు అక్కడే ఉంటాయి, ఎక్కడ తెగుతుందో, అంటే ఎక్కడ పేలుతుందో, వేలికి స్పష్టంగా తెలుస్తుంది. చవక స్ప్రింగ్ పిస్టళ్లలో అది కిలో దాటి, ఒక్కోసారి రెండు కిలోల దాకా పోతుంది. పైగా గరగరమంటూ జారుతుంది. చాచిన ఒంటి చేత్తో అంత బరువు లాగాలంటే పిల్లలు వేలితో లాగరు, మణికట్టుతో లాగుతారు. చప్పుడుకు ముందే భుజం బిగుస్తుంది. ఆ అలవాటు ఒకసారి పడితే తరవాత మోరిని చేతికిచ్చినా పోదు.

రెండోది స్ప్రింగ్. ట్రిగ్గర్ తెగగానే లోపల పిస్టన్ ముందుకు దూకుతుంది, గుండు గొట్టం దాటకముందే పిస్టల్ కదిలిపోతుంది. ఇవాళ పట్టుకున్నట్టు రేపు పట్టుకోకపోతే గుండు వేరే చోట పడుతుంది. తప్పు తనదో పిస్టల్‌దో పిల్లకు తెలియదు. నేర్చుకునేవాళ్లకు ఇంతకు మించిన నష్టం లేదు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఈ ఆటలో సగం సాధన గుండు లేకుండానే జరుగుతుంది. గోడకేసి పిస్టల్ ఎత్తి, ముందు సైట్ (గొట్టం చివర గురి చూసే ముల్లు) కదలకుండా ట్రిగ్గర్ తెంపడం, మళ్లీ ఎత్తడం. మ్యాచ్ పిస్టళ్లలో ఈ డ్రై ప్రాక్టీస్‌కు వేరే ఏర్పాటు ఉంటుంది. స్ప్రింగ్ పిస్టల్‌ను గుండు లేకుండా పేలిస్తే పిస్టన్ లోపలి ముందు గోడకు గుద్దుకుంటుంది, గాలి పోకుండా ఆపే సీలు చెడుతుంది. అంటే ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ చెయ్యాల్సిన పనికే అది పనికిరాదు.

టోక్యో మాట తెచ్చారు కాబట్టి అదీ చెబుతాను. మ్యాచ్ కంపెనీల పిస్టల్ చెడితే విడిభాగం దొరుకుతుంది, పాత మోడళ్లకు కూడా దొరుకుతుంది. చవక పిస్టల్‌కు స్ప్రింగ్ విరిగితే అమ్మినవాడు ఆ మోడల్ ఇప్పుడు రావట్లేదంటాడు.

విదేశీ చవకవన్నీ ఒక్కటేనని మాత్రం అనను. ఒక్క పంపుతో గాలి నింపుకునేవి ఉన్నాయి. రష్యా ఇజెవ్‌స్క్‌లో తయారైన బైకాల్ ఐజెడ్‌హెచ్-46ఎం అలాంటిదే. స్ప్రింగ్ లేదు కాబట్టి పేలినప్పుడు కదలదు. ట్రిగ్గర్ సర్దుకోవచ్చు. గాలి నింపకుండా ట్రిగ్గర్ మాత్రం ఎక్కించి డ్రై ప్రాక్టీస్ చేసుకోవచ్చు. కష్టం ఒక్కటే, లీవర్ నొక్కాలంటే పెద్దవాళ్ల బలం కావాలి. పిస్టల్ కూడా కిలో పైన బరువు, ముందువైపు వాలుతుంది. తొమ్మిదో తరగతి పిల్లకు ప్రతి గుండుకూ మీరే నింపి ఇవ్వాల్సి రావచ్చు. అయినా సెకండ్ హ్యాండ్‌లో మంచిది దొరికితే నేను కళ్లకద్దుకుంటాను.

సిరొంచ మాస్టారు

ఏది కొన్నా ఒక మాట గుర్తుంచుకోండి. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 0.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. కానీ గుర్తింపు, చిరునామా కాగితాలు చూపించే కొనాలి, బిల్లు తీసుకోవాలి. మన సరిహద్దు జిల్లాల సంగతి మీకు తెలియనిది కాదు. గడ్చిరోలి వైపైనా, రాయగడ వైపైనా చెక్‌పోస్టులో బ్యాగు విప్పమంటే చూడ్డానికి ఇది నిజం పిస్టల్ లాగే ఉంటుంది. పెట్టెలో తాళం వేసి, బిల్లు జిరాక్సు అందులోనే పెట్టండి. పిల్లను ఒంటరిగా దానితో బస్సెక్కించకండి. పిట్టల మీద ప్రయోగాలు అసలొద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

బల్లార్షా పేపర్‌మిల్లు

కోచ్ గారూ, మీ మాటల్లో అనుభవం ఉంది, కాదనను. కానీ మీరు రేంజ్‌కు వచ్చిన పిల్లలను చూసి మాట్లాడుతున్నారు, రేంజ్ లేని ఊళ్లో పిల్లల సంగతి వేరు. ఉత్త గోడకేసి ఎంతకాలం చూస్తారు సార్? కార్డుకు చిల్లు పడాలి, ఆ చప్పుడు వినాలి, నిన్న ఆరు పడితే ఇవాళ ఏడు పడాలి. ఆ సరదా లేకపోతే దసరా లోపే మానేస్తారు. మా వాడకట్టులో పిల్లలు చవక పిస్టల్‌తోనే సైట్లు కలపడం, ఊపిరి పట్టడం, గొట్టం మూతి ఎప్పుడూ కిందికి ఉంచడం నేర్చుకున్నారు. ఇవన్నీ రేపు పనికి రావా? ట్రిగ్గర్ ఒక్కటి తరవాత దిద్దుకోవచ్చు.

సిఓ2 (కార్బన్ డయాక్సైడ్ వాయువు) తో పేలే పిస్టళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. వాటిలో కదలిక తక్కువ, ధరా మరీ ఎక్కువ కాదు. అవైనా నయం కదా?

రాయగడ కోచ్

తమ్ముడూ, నీ ఊళ్లో సిఓ2 గురించి నువ్వే అడుగుతున్నావా! ఆ వాయువు ఒత్తిడి 20 డిగ్రీల దగ్గర సుమారు 57 బార్, 30 డిగ్రీలకు 70 దాటుతుంది. చంద్రపూర్ జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు. పొద్దున సర్దుకున్న సైట్ మధ్యాహ్నానికి పనికిరాదు. చలికాలంలో పర్వాలేదు.

సరదా గురించి నువ్వన్నది నిజం. చిల్లు పడకపోతే పిల్లలకు నిలబడాలనిపించదు, ఒప్పుకుంటాను. ట్రిగ్గర్ తరవాత దిద్దుకోవచ్చన్నది మాత్రం ఒప్పుకోను. ఆ దిద్దే పని నేను చేస్తున్నాను, పిల్లలు ఏడుస్తారు. సైట్లు కలపడం ఎవరైనా వారంలో నేర్పగలరు.

ఈ అమ్మాయికి ఇప్పటికే విశాఖలో మంచి ట్రిగ్గర్ అలవాటైంది. దాన్ని చెడగొట్టకండి అన్నయ్యా, నా బాధంతా అదే. ఆ పది వేలతో నెలకోసారి విశాఖ పంపి రేంజ్ పిస్టల్‌తో కొట్టించండి. మిగతా రోజుల్లో కిలో బరువున్న సీసా చాచిన చేత్తో పట్టుకుని నిలబడటం చాలు. భువనేశ్వర్ కళింగ స్టేడియంలోనూ షూటింగ్ రేంజ్ ఉంది, సెలవులకు అదీ చూడండి. ఈలోగా వాడిన మ్యాచ్ పిస్టల్ కోసం వెతకండి. పెద్ద తరగతికి వచ్చి మానేసే షూటర్లు అమ్ముతూనే ఉంటారు.

పర్లాకిమిడి నాన్న

కోచ్ గారూ, మీ మాట మనసుకు పట్టింది. కానీ వాడిన పిస్టల్ అంటే భయం. మంచిదో కాదో నాకెలా తెలుస్తుంది? మ్యాచ్ పిస్టళ్లకు గాలి సిలిండర్ ఉంటుందట, అది మా ఊళ్లో ఎవరు నింపుతారు?

బరంపురం రిపేరు

గాలి పిస్టళ్లు విప్పి సీళ్లు మార్చేవాడిగా చెబుతున్నాను. మొదట సిలిండర్ మీద చెక్కిన తేదీ చూడండి. తయారై పదేళ్లు దాటితే పోటీలో ఒప్పుకోరు, కొత్త సిలిండర్ ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి. నిండుగా నింపించి, గేజ్ (గాలి ఒత్తిడి చూపే ముల్లు) ఫోటో తీసుకుని, రాత్రంతా పక్కన పెట్టి పొద్దున మళ్లీ చూడండి. ముల్లు దిగితే సీలు పోయినట్టే. అది పెద్ద రిపేరు కాదు, కానీ బేరానికి పనికొస్తుంది.

గాలి విషయంలో బెంగ వద్దు. ఒకసారి 200 బార్ నింపితే నూట యాభై గుండ్ల పైనే వస్తాయి. డ్రై ప్రాక్టీస్‌కు గాలే అక్కర్లేదు. చేతి పంపుతో నింపొచ్చు కానీ చెమటలు పడతాయి. మన కోస్తా తేమ గాలి సిలిండర్‌లోకి పోతుంది కాబట్టి తేమ పీల్చే ఫిల్టరు ఉన్న పంపే వాడండి.

ట్రిగ్గర్ చూడ్డానికి మీ కొట్టులోని అరకిలో రాయి చాలు. గుండు లేదని కళ్లారా చూసుకుని, డ్రై ప్రాక్టీస్ మీట వేసి, గొట్టం నిటారుగా పైకి పెట్టి, దారంతో రాయిని ట్రిగ్గర్ మధ్యకు వేలాడదీసి మెల్లగా ఎత్తండి. రాయి నేల విడిచి లేచినా ట్రిగ్గర్ తెగకూడదు. పైన ఇంకో యాభై, వంద గ్రాములు కడితే తెగాలి. ఐదారుసార్లు చేస్తే ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ఒకసారి తెగి ఒకసారి తెగకపోతే ధర ఎంత తగ్గించినా తీసుకోకండి.