రాత్రిపూట వార్డులో లైట్లు ఆర్పాలా, వద్దా?

నిద్రలేనివాడు: మా నాన్నగారు ఆపరేషన్ తర్వాత ఐదు రోజులు ఐసీయూలో ఉన్నారు. కిటికీ లేదు. నెత్తిమీద తెల్ల ఎల్‌ఈడీ ప్యానెల్ రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంది. మూడో రోజు నా చెయ్యి పట్టుకుని, "తెల్లారిపోయింది, పాలవాడు రాలేదేంరా?" అన్నారు. అప్పుడు రాత్రి రెండున్నర. ఇది డెలీరియం అనీ, అంటే జబ్బులో కొన్నాళ్ళు మతి తికమకపడడమనీ, ఐసీయూలో మామూలేననీ డాక్టరు గారు చెప్పారు. వార్డుకి మార్చాక కిటికీ పక్క మంచం దొరికింది, రెండు రోజుల్లో తేరుకున్నారు. అదంతా కిటికీ చలవే అనను, మందులు కూడా తగ్గించారు కదా. కానీ రాత్రి పది దాటాక పెద్ద లైట్లు ఆర్పేస్తే ఏం పోతుంది?

నైట్ డ్యూటీ సిస్టర్: ఏం పోతుందో చెప్తాను. పేషెంటు పెదాలు నీలం తిరిగితే చీకట్లో తెలియదు. ఇంజెక్షన్ సీసా మీద అక్షరాలు ఎంత ఉంటాయో ఎప్పుడైనా చూశారా? వెయిన్ దొరక్క మూడుసార్లు పొడిస్తే అటెండెంట్లు తిట్టేది నన్నే, లైటుని కాదు.

వైరింగ్ బాబాయ్: లైటింగ్ డిజైన్ నా పని. వస్తువుల్ని చూపించడం ఒక్కటే కాదండీ కన్ను చేసేది. ఇప్పుడు పగలా, రాత్రా అని మెదడుకి చెప్పే కణాలు కూడా అందులో ఉన్నాయని 2002లో తేలింది. 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుగుకి అవి బాగా స్పందిస్తాయి. లైటు రంగుని కెల్విన్‌లలో కొలుస్తాం, అంకె పెరిగేకొద్దీ తెలుపు, తగ్గేకొద్దీ పసుపు. 6500 కెల్విన్ తెల్ల లైటులో ఆ నీలం పాలు ఎక్కువ. అందుకే పగలు తెల్లగా, పొద్దుగూకాక 2700 కెల్విన్ పసుపులోకి వాటంతటవే మారే లైట్లు వచ్చాయి.

లెక్క చెప్పండి: వచ్చాయి, ధర కూడా వచ్చింది. నెదర్లాండ్స్‌లో ఒక ఐసీయూలో 734 మంది మీద ఇలాంటి లైట్లనే పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. కొత్త లైట్ల కింద 38 శాతం మందికి, మామూలు లైట్ల కింద 33 శాతం మందికి డెలీరియం వచ్చింది. ఉపయోగం కనపడక అధ్యయనాన్ని ముందే ఆపేశారు. ఆ డబ్బుతో కిటికీలు పెట్టించండి. 1984లో రోజర్ ఉల్రిక్ అనే అమెరికా పరిశోధకుడు చూపించాడుగా, కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు గోడ కనిపించినవాళ్ళ కంటే ముందే ఇంటికి వెళ్ళారని.

నిద్రలేనివాడు: మీరు చెప్పిన నెదర్లాండ్స్ ప్రయోగం పగటి వెలుగు పెంచితే ఏమవుతుందని చూసింది. నేనడిగింది రాత్రి చీకటి గురించి. ఉల్రిక్‌ది కూడా కిటికీలోంచి కనిపించే దృశ్యం గురించి, వెలుగు గురించి కాదు. అందులో ఉన్నది 46 మందే, అందరూ పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు.

లెక్క చెప్పండి: దృశ్యం మాట ఒప్పుకుంటున్నా. కిటికీ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

నైట్ డ్యూటీ సిస్టర్: బాబాయ్ గారూ, మీ పసుపు లైటు కింద కామెర్లు ఎలా కనిపెట్టమంటారు? అందరూ పచ్చగానే కనిపిస్తారు. మాకు కావలసింది మంచం తల దగ్గర ఒక మంచి తెల్ల లైటు, దానికో స్విచ్. మా దగ్గర ఎనిమిదేసి మంచాలకి ఒక్కో స్విచ్. ఒకరికి సెలైన్ మార్చాలంటే ఎనిమిది మందినీ లేపినట్టే. వాళ్ళ పక్కన చాపేసుకుని పడుకున్నవాళ్ళు లెక్కలోకి రారు.

నిద్రలేనివాడు: సిస్టర్, ఇన్నాళ్ళూ మీరు కావాలనే ఆర్పడం లేదనుకున్నాను. సారీ. మంచానికో స్విచ్ పెట్టడం అంత కష్టమా?

వైరింగ్ బాబాయ్: కట్టేటప్పుడైతే పెద్ద పనేం కాదు. నడుస్తున్న వార్డులో గోడ చెక్కి పైపు వేయాలంటే ముందు మంచాలు ఖాళీ చేయించాలి, దుమ్ము లేస్తుంది. అన్నట్టు, పసుపు లైటు కింద పరీక్ష చేయమని నేననలేదు సిస్టర్. మంచాల కింద కాళ్ళ ఎత్తులో అది పెట్టి, పరీక్షకి మీరన్న తెల్ల లైటు వేసుకోవచ్చు.

నైట్ డ్యూటీ సిస్టర్: మా వార్డు ఖాళీ అవడం నేనెప్పుడూ చూడలేదు. నిన్న రాత్రి ఒంట్లో నిలకడగా ఉన్నవాళ్ళందరినీ ఒక వైపుకి చేర్చి, ఆ వైపు స్విచ్ ఆర్పి చూశాం. అటు వెళ్ళినప్పుడల్లా టార్చి. బ్యాటరీలు మా డబ్బులతోనే కొన్నాం.