కాలేజీ స్టాఫ్ బులెటిన్: ఏం వేయాలి, ఎట్ల పంపాలి? (చర్చ)

కొత్త_కన్వీనర్, తిరుపతి
అందరికీ నమస్కారం. డిగ్రీ కాలేజీలో సిబ్బంది కోసం నెలకో బులెటిన్ తేవాలని ప్రిన్సిపాల్ గారి మాట. బోధన, బోధనేతర కలిపి 84 మంది. ఎ4 సైజులో రెండు పేజీలు. నాలుగు సందేహాలు. ఏ వార్తలు వేయాలి, ఏవి వద్దు? కాగితమా, వాట్సాపా? తెలుగా, ఇంగ్లీషా? రేపు కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైలుకి ఇది పనికి రావాలంటే ఏం చేయాలి? ఈ పని చేసినవాళ్ళు చెప్పండి.

ఆఫీసు_బల్ల
కాగితమే. వాట్సాప్‌లో పెట్టినాక "నేను చూడలేదే" అంటే ఏం జేస్తారు? సర్క్యులర్ రిజిస్టర్‌లో ఎడమ పేజీకి సర్క్యులర్ అతికించండి, కుడి పేజీలో పేరు, హోదా, సంతకం, తేదీ గళ్ళు కొట్టండి. అటెండర్ చేతికిచ్చి డిపార్టుమెంట్ల వరసలో తిప్పితే ఒక పూటలో అయిపోతుంది. సెలవులో ఉండేవాళ్ళ గడిలో ఎర్రపెన్నుతో "సెలవు" అని రాసి, డ్యూటీకి వచ్చిన రోజే సంతకం తీసుకోవాల. తగువులన్నీ ఖాళీగా వదిలిన గడి దగ్గరే మొదలయ్యేది.

ఇంకొకటి. బులెటిన్ వేరు, సర్క్యులర్ వేరు. "ఫలానా తేదీలోగా ఇవ్వాలి" అన్నది బులెటిన్‌లో మాత్రమే వేస్తే రేపు ఎవరినీ అడగలేరు. ముందు నెంబరుతో సర్క్యులర్ పోవాల, ఆ నెంబరు బులెటిన్‌లో రావాల.

పాకాల_చాక్‌పీస్
ఏ కాలంలో ఉండారు సార్? గ్రూపు సెట్టింగ్స్‌లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపేటట్టు పెడితే గుడ్‌మార్నింగ్ పూలబొమ్మలు ఆగిపోతాయి. పంపిన మెసేజ్ మీద వేలు ఒత్తిపట్టి ఇన్ఫో చూస్తే ఎవరు చదివినారో, ఎన్ని గంటలకు చదివినారో పేర్లతో వస్తుంది. అటెండర్ కాళ్ళరిగేలా తిరగాల్నా దానికి?

ఆఫీసు_బల్ల
నీలం టిక్కులు ఆపేసుకునేవాళ్ళు సగం మంది. అప్పుడేం చూస్తారు?

పాకాల_చాక్‌పీస్
నీలం టిక్కు ఆపేది ఒకరికొకరు పంపుకునే మెసేజ్‌లకే. గ్రూపులో అది పనిచేయదు, ఆపినా కనిపిస్తుంది. తెలుసుకొని మాట్లాడండి సార్.

బ్రాడ్‌కాస్ట్ లిస్టు జోలికి మాత్రం పోవద్దు. దాంట్లో 256 మంది పడతారు గానీ, మీ నెంబరు సేవ్ చేసుకోనివాళ్ళకు మెసేజే చేరదు. బులెటిన్‌ను ఫోటో తీసి పెట్టొద్దు, వాట్సాప్ నొక్కేసి ఒత్తులు, గుడులు కలిసిపోతాయి. పీడీఎఫ్‌గా చేసి డాక్యుమెంట్‌గా పంపండి. ఫైలు పేరు "కొత్త ఫైనల్ 2" అని కాకుండా 2025-07 అని సంవత్సరం, నెలతో మొదలుపెడితే ఏడాది చివర వరసగా దొరుకుతాయి. మెసేజ్‌లో తప్పు పడితే దిద్దుకునేదానికి 15 నిమిషాలే టైము.

తేదీల_మనిషి, చిత్తూరు
ఎట్ల పంపాలనేది తరవాత, ముందు ఏం పంపాలో చూడండి. స్టాఫ్ చదివేది రెండే: తేదీలు, డబ్బులు. "విజయవంతంగా ముగిసింది" అనే వార్త అందులో ఫోటో పడినవాళ్ళు తప్ప ఎవరూ చదవరు.

క్యాజువల్ లీవులు 15, ఐచ్ఛిక సెలవులు 5, రెండూ డిసెంబరు 31తో పోతాయి. ఇది నవంబరు సంచికలో రావాల. డిసెంబరులో వేస్తే అందరూ ఒకే వారంలో అర్జీ పెడతారు, సెమిస్టర్ క్లాసులు చూసుకునే దిక్కుండదు. ఏప్రిల్ సంచికలో పన్ను విధానం పాతదా కొత్తదా ఆఫీసుకు రాసివ్వమని వేయండి. 2023-24 నుంచి ఏమీ చెప్పకపోతే కొత్త విధానం ప్రకారమే కోస్తారు. పాతదాంట్లో ఇంటి లోను, 80సీ కింద పొదుపులు చూపించుకుందామనుకున్నవాళ్ళు ఫిబ్రవరిలో లబోదిబోమంటారు. జూన్‌లో ఫారం 16, అంటే జీతంలో కోసిన పన్ను లెక్క కాగితం, ఆఫీసు ఇవ్వాల్సిన గడువు 15వ తేదీ.

ఎస్వీ యూనివర్సిటీలో జరిగే రిఫ్రెషర్ కోర్సుల నోటిఫికేషన్ వచ్చిన రోజే పెట్టండి. 2023లో ఆ కోర్సులు నడిపే కేంద్రానికి హెచ్‌ఆర్‌డీసీ పేరు తీసి మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్ అన్నారు, పాత పేరుతో వెతికితే పాత పేజీలే వస్తాయి. రెండు వారాల కోర్సు కాబట్టి ప్రిన్సిపాల్ అనుమతి కాగితం, క్లాసుల సర్దుబాటు ముందే తేల్చుకోవాల. ఆఖరి రోజు అడిగితే దొరికేది కాదు.

రిటైర్మెంట్లు ఆర్నెల్ల ముందే వేయండి. పెన్షన్ కాగితాలు కదిలేది అప్పుడే.

వద్దనేవి: ఫోన్ నెంబర్లు, సంవత్సరంతో సహా పుట్టినరోజులు, ఎవరి ఆరోగ్యం సంగతీ వద్దు. పీడీఎఫ్ ఊరంతా తిరుగుతుంది.

పాకాల_చాక్‌పీస్
రిటైర్మెంట్ తేదీ వేయాలంటే పుట్టినరోజు తెలియాల్సిందే గదా? 62 నిండిన నెల ఆఖరి రోజు, అంతేగా.

తేదీల_మనిషి, చిత్తూరు
అంతే కాదు. 1వ తేదీ పుట్టినవాళ్ళకు ముందు నెల ఆఖరి రోజే. 1964 జూలై 1న పుట్టినవారు దిగేది 2026 జూన్ 30న. జూలై 2న పుట్టినవారికి జూలై 31. ఒక్క రోజు తేడాతో ఒక నెల జీతం. బడిలో చేర్చేటప్పుడు జూలై 1 అని రాయించిన తరం ఇప్పుడే దిగుతా ఉంది, కాబట్టి ఈ తప్పు బులెటిన్‌లో తరచూ పడుతుంది. తేదీ సర్వీస్ రిజిస్టర్ చూసి వేయండి, నోటి మాటతో కాదు.

ఆఫీసు_బల్ల
ఇది నిజం. సన్మానం తేదీ కూడా దాన్నిబట్టే.

డీటీపీ_సామి
ఇవన్నీ సరే, తెలుగులో వేయాలంటే అనూ ఫాంట్లలో కొట్టి పేజ్‌మేకర్‌లో పెట్టాల్సిందే. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని, తిరుపతిలో సగం శుభలేఖలు ఈ చేతి మీదే పోయినాయి. ఫోన్లలో కొట్టే యూనికోడ్ అక్షరానికి వంపు సొంపు ఉండదు. ప్రెస్‌కు పంపితే చెదిరిపోతుంది. ఫోన్లో తెలుగు కొట్టే ప్రతివాడూ డీటీపీ ఆపరేటరే ఈ కాలంలో.

అచ్చుతప్పు
చెదిరేది యూనికోడ్ కాదు, మీ పేజ్‌మేకర్. 2001లో 7తో ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ అది. దాంట్లో యూనికోడ్ తెలుగు అతికిస్తే ప్రశ్నార్థకాలు వస్తాయి. అనూలో కొట్టింది కంప్యూటర్ లెక్కలో తెలుగే కాదు, ఇంగ్లీషు కోడ్ల మీద కూర్చోబెట్టిన బొమ్మలు. ఆ ఫాంట్ లేని చోట అతికిస్తే గజిబిజి ఇంగ్లీషు. పీడీఎఫ్‌లో ఒక పేరు వెతికితే దొరకదు. మూడేళ్ళ బులెటిన్లలో "సెమినార్" అన్న మాట వెతకమంటే అన్నీ చేత్తో తిప్పాల.

డీటీపీ_సామి
కన్వర్టర్లు ఉండాయి నాయనా. ఒక్క నొక్కు.

అచ్చుతప్పు
ఒక్క నొక్కు నొక్కినాక ర ఒత్తు, క్ష, ఋ ఉన్న మాటలు ఒక్కొక్కటీ చూసుకోండి. ఒత్తు పక్క అక్షరం కిందికి జరిగి ఉంటుంది. అది ఎక్కువగా పడేది మనుషుల పేర్లలో. లక్ష్మి, కృష్ణ, చంద్ర లేని స్టాఫ్ లిస్టు మన జిల్లాల్లో ఉందా?

డీటీపీ_సామి
మరి యూనికోడ్‌తో చేసిన ఫ్లెక్సులో "వార్షికోత్సవం" విరిగిపోయి త్ పక్కన స నిలబడి ఉంటుందే, దాన్నేమంటారు? ఊరంతా అవే ఫ్లెక్సులు.

అచ్చుతప్పు
దాన్ని ఫోటోషాప్ సెట్టింగ్ మార్చకపోవడం అంటారు. కొన్నేళ్ళ కిందటి వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టి, ప్రోగ్రామ్ మూసి తెరిచి, కొత్త టెక్స్ట్ లేయర్‌లో అతికించాలి. పాత లేయర్ అట్లనే విరిగి ఉంటుంది. ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోవాలి. బులెటిన్‌కు ఇవేవీ అక్కర్లేదు. వర్డ్‌లోనో లిబ్రే ఆఫీసులోనో మండలి అనే యూనికోడ్ ఫాంట్‌లో కొట్టి, అక్కడ్నించే పీడీఎఫ్ తీస్తే ఫాంట్ లోపలే కూర్చుంటుంది. ప్రెస్‌కు ఆ పీడీఎఫే ఇవ్వండి, వర్డ్ ఫైలు ఇవ్వొద్దు. ఫ్లెక్సుకు అయితే 6 అడుగులకు 4 అడుగులు, 72 డీపీఐ లెక్కన 5184కు 3456 పిక్సెళ్ళ జేపీజీ చేసి ఇస్తే ప్రింటర్ దగ్గర అక్షరాన్ని ఎవరూ కదిలించలేరు.

డీటీపీ_సామి
ఇంత చదువుకున్నవాళ్ళు వరసల మధ్య ఎడం పెట్టేది నేర్చుకోరు. 12 పాయింట్ల అక్షరానికి 18కి తగ్గకుండా లీడింగ్ ఇవ్వండి. తక్కువైతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల నెత్తిన పడతాయి. ఇంగ్లీషుకు పెట్టిన ఎడమే తెలుగుకు పెడతారు, చదవలేక చస్తాం.

అచ్చుతప్పు
ఆ మాట మాత్రం నిజం.

ఐక్యూఏసీ_మూల
ఫాంట్ల మీద ఇంత రక్తపాతం అవసరమా? న్యాక్ సంగతి ఒక్కరూ ముట్టుకోలేదు. బులెటిన్ ఒక్కటే సాక్ష్యం కాదు. ఒక కార్యక్రమానికి ఫైలులో ఉండాల్సినవి: ముందు తేదీతో సర్క్యులర్, ఆహ్వానం, సంతకాల హాజరు, జియోట్యాగ్ ఫోటోలు (తీసిన స్థలం పేరు యాప్ స్టాంపులా వేసేవి), ఒక పేజీ నివేదిక, ఫీడ్‌బ్యాక్. బులెటిన్‌లో వార్త చివర ఆ ఫైలు నెంబరు వేయండి, న్యాక్‌కు ఏటా పంపే నివేదిక ఏక్యూఏఆర్ నింపేటప్పుడు అదే మీకు విషయసూచిక.

ఎక్కువ దెబ్బతినేది ఫోటోల దగ్గర. సెమినార్ హాలు లోపల ఫోన్‌కు జీపీఎస్ సరిగా అందదు, స్టాంపులో పక్క వీధి పేరు పడుతుంది. ముందు ఆరుబయట యాప్ తెరిచి, స్థలం నిలకడగా చూపించినాక లోపలికి పోయి తీయండి. మామూలు కెమెరాతో తీసి వాట్సాప్‌లో ఫోటోగా పంపితే లోపలి స్థల వివరం పోతుంది. డాక్యుమెంట్‌గా పంపుకోండి లేదా కేబుల్ పెట్టి తీసుకోండి. వేదిక మీద శాలువా కప్పే ఫోటో ఒకటి చాలు. వెనకనుంచి తీసిన జనం, బ్యానర్ మీద తేదీ కనపడేది, హాజరు పట్టీ మీద సంతకాలు పెట్టేది ముఖ్యం.

తిరుపతి కాలేజీలకు ఇంకొకటి. 2022 ఏప్రిల్ 4 నుంచి మనది తిరుపతి జిల్లా. పాత లెటర్‌హెడ్ టెంప్లేట్లలో ఇంకా చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. సర్టిఫికెట్ మీద ఒకటి, ఫోటో స్టాంపు మీద ఇంకొకటి ఉంటే బాగుండదు.

పాకాల_చాక్‌పీస్
సర్టిఫికెట్లంటే గుర్తొచ్చింది. గూగుల్ ఫారం నింపినోళ్ళకు తనంతట సర్టిఫికెట్ పోయేటట్టు స్క్రిప్టు పెడతారు గదా, మామూలు జీమెయిల్‌తో పెడితే రోజుకు 100 మంది దగ్గర ఆగుతుంది. 101వ మనిషి నుంచి ఫోన్లు మొదలు. కాలేజీకి గూగుల్ వర్క్‌స్పేస్ అకౌంటు ఉంటే దాన్నించి పంపండి, 1500 దాకా పోతాయి.

ఆఫీసు_బల్ల
గౌరవ వేతనం ఓచర్ మర్చిపోవద్దు. 5000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు మీద సంతకం. అతిథి కారెక్కినాక పరిగెత్తేది కాదు, టిఫిన్ దగ్గరే తీసుకోవాల.

గంగమ్మ_వీధి
తేదీ ఖాయం చేసేముందు ఊరి క్యాలెండర్ చూడండి సామీ. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు తిరుపతిలో అతిథికి గది దొరకదు, కారు కదలదు. మే నెలలో గంగమ్మ జాతర వారం కూడా అంతే. చిత్తూరు వైపువాళ్ళు వినాయక చవితి నుంచి కాణిపాకంలో 21 రోజుల ఉత్సవాలని గుర్తుపెట్టుకోవాల.

జ్యోతి ప్రజ్వలన గురించి ఒక్కరూ చెప్పరేం? వేదిక మీద పెద్దలందరూ నిలబడి పది అగ్గిపుల్లలు గీసేది ప్రతి మీటింగులోనూ చూస్తానే ఉంటాం. ఐదు వత్తులూ గంట ముందే నువ్వుల నూనెలో నానబెట్టండి. మొన బయటికి అర అంగుళం లాగి, దాని మీద కర్పూరం పొడి రుద్దండి. అగ్గిపుల్ల కాదు, కొవ్వొత్తి ఇవ్వండి చేతికి. ఆ రెండు నిమిషాలు వేదిక మీది ఫ్యాన్ ఆపేదానికి స్విచ్ దగ్గర ఒక మనిషి. బులెటిన్‌లో వెలిగిన దీపం ఫోటో అప్పుడొస్తుంది.

ఐక్యూఏసీ_మూల
దీనికీ బులెటిన్‌కీ ఏం సంబంధం అండీ?

గంగమ్మ_వీధి
ఫాంటుకూ న్యాక్‌కూ ఉన్నంత.

కొత్త_కన్వీనర్, తిరుపతి
అందరికీ ధన్యవాదాలు. తెలుగా ఇంగ్లీషా అన్నది మాత్రం తేలలేదు.

తేదీల_మనిషి, చిత్తూరు
రెండూ. తేదీలు, సెలవులు, డబ్బుల సంగతులు తెలుగులో మొదటి పేజీ. బోధనేతర సిబ్బంది అందరూ చదవాల్సినవి అవే. సెమినార్లు, ప్రచురణలు ఇంగ్లీషులో రెండో పేజీ, ఎట్లాగూ న్యాక్‌కు పోయేది అదే. ఒకే వార్తను రెండు భాషల్లో వేయొద్దు, ఒకదాంట్లో తేదీ మార్చి రెండోదాంట్లో మరిచిపోతారు.

కొత్త_కన్వీనర్, తిరుపతి
బాగుంది. మొదటి సంచిక స్టాఫ్ మీటింగులో ఇస్తాం. 84 మందికి టీ కూడా మా మీదే పడింది, పాలు ఎన్ని చెప్పాలి?

గంగమ్మ_వీధి
90 మిల్లీల కప్పు అయితే పాలు 5 లీటర్లు, నీళ్ళు 3, టీ పొడి 200 గ్రాములు, చక్కెర ముప్పావు కిలోకు కొంచెం తక్కువ. పొడి నీళ్ళలో మరిగినాకనే పాలు పోయమనండి.

ఆఫీసు_బల్ల
చక్కెర లేనిది 20 కప్పులు వేరే ఫ్లాస్కులో. మూతకు ఎర్రదారం కట్టండి, లేకుంటే కలిపేస్తారు.