ఎఫ్‌డీ, షేర్లు, ఇల్లు: అప్పుకు ఏది తాకట్టు పెట్టాలి?

ప్రశ్న: వ్యాపారానికి సరుకు కొనాలి. ఏడాదిలోపు తీర్చేస్తాను. నా దగ్గర ఫిక్స్‌డ్ డిపాజిట్, కొన్ని షేర్లు ఉన్నాయి. ఇల్లు నాన్నగారి పేరు, నా పేరు కలిపి ఉంది. ఇల్లు పెడితే ఎక్కువ ఇస్తామంటున్నారు. ఏది మంచిదండీ?

జవాబు: ఏడాదిలో తీరే అప్పుకు ఇంటి జోలికి వెళ్లకండి. ఎక్కువ ఇస్తామన్నారని ఎక్కువ తీసుకోనక్కర్లేదు కదా. ముందు డిపాజిట్ మీద అడగండి. మామూలుగా డిపాజిట్ వడ్డీకి కాస్త పైన వేసి ఇస్తారు, విలువ కట్టించే ఖర్చూ ఉండదు.

షేర్లతోనే అసలు టెన్షన్. 100 విలువైన షేర్ల మీద సగం లెక్కన 50 ఇచ్చారనుకోండి. ధర పడి వాటి విలువ 70 అయితే మీ అప్పు 35 మించకూడదు. ఆ 15 వెంటనే కట్టమంటారు, లేదా ఇంకో 30 విలువైన షేర్లు పెట్టమంటారు. ఆలస్యమైతే ఆ పడిపోయిన ధరకే అమ్మేస్తారు. మీరు ఒక్క వాయిదా తప్పకపోయినా సరే.

ప్రశ్న: డిపాజిట్ సరిపోయేలా లేదండీ. ఇంటికి నాన్నగారు సంతకం పెడతానన్నారు.

జవాబు: ఉమ్మడి ఆస్తి కాబట్టి ఆయన సంతకం ఎలాగూ కావాలి. కానీ ఏ కాగితం మీద పెడుతున్నారో దయచేసి చూడండి. తాకట్టు పత్రం ఒక్కటే అయితే సాధారణంగా ఆయన బాధ్యత ఇంటి వరకే. హామీ పత్రం మీద కూడా పెడితే, ఇల్లు అమ్మినా తీరని బాకీకి ఆయన పొదుపు సొమ్ము మీదికి రావచ్చు. రెండూ ఒకే కట్టలో ఉంటాయి, సంతకం చోట్ల పెన్సిల్‌తో టిక్కు పెట్టి చకచకా తిప్పేస్తారు. కాబట్టి ముందే కాపీలు ఇంటికి తెచ్చుకుని ఇద్దరూ కూర్చుని చదవండి.

అందులో ‘ప్రస్తుత, భవిష్యత్ బాకీలన్నిటికీ’ అన్న మాట ఉందేమో వెతకండి. అది ఉంటే ఈ అప్పు తీరాక కూడా, అదే బ్యాంకులో ఉన్న మీ వేరే బాకీకి ఇంటి పత్రాలు ఆపుకునే వీలుంటుంది. ‘ఈ అప్పుకు మాత్రమే’ అని మార్చమని అడగండి. కాదంటే ఇంకోచోట ప్రయత్నించండి.

మరొకరు: ఒరిజినల్ పత్రాలు ఇచ్చేటప్పుడు ఒక్కో కాగితం పేరు, తేదీతో రసీదు తీసుకోండి. అప్పు తీరాక పత్రాలు చేతికొస్తే పని అయిపోయినట్టు కాదు, తాకట్టు నమోదైన చోట అది రద్దయిందో లేదో కూడా చూసుకోవాలి. లేకపోతే ఇల్లు అమ్మేటప్పుడు ఆ పాత తాకట్టు ఇంకా ఉన్నట్టే కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: నాన్నగారి చేత హామీ పత్రం పెట్టించనండీ. డిపాజిట్ మీద వచ్చినంత తీసుకుని సగం సరుకే తెస్తాను, అది అమ్ముడయ్యాక మిగతాది.