పాడ్ మీద 40 మిల్లీగ్రాములు… అంటే నలభై సిగరెట్లా?

వేకువపిట్ట:
పదేళ్లు రోజుకు పది సిగరెట్లు కాల్చి, మూడు నెలల క్రితం వేప్‌కు, అంటే ఈ-సిగరెట్టుకు మారాను. అందులో ద్రవం ఉండే చిన్న డబ్బీ, పాడ్, 2 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్. మొత్తం 40. సిగరెట్టుతో ఒంటికి పట్టేది ఒక మిల్లీగ్రామే అంటారు. పాడ్ నాకు రెండు రోజులు వస్తుంది. అంటే రోజుకు ఇరవై సిగరెట్లు తాగుతున్నానా?

లెక్కలపిచ్చి:
మీరు వడ్లనూ అన్నాన్నీ ఒకే తక్కెడలో వేశారు. ఒక సిగరెట్టులోని పొగాకులోనూ దాదాపు 10 మిల్లీగ్రాముల నికోటిన్ ఉంటుంది. కొంత మంటకు పోతుంది, కొంత గాలిలో కలుస్తుంది, కొంత పీకలో చిక్కుతుంది. మిగిలిన ఒకటో ఒకటిన్నరో రక్తంలో చేరుతుంది. మీ 40 మాత్రం పాడ్‌లో ఉన్నది, ఒంట్లో చేరినది కాదు.

పాతకాపు:
లెక్క సరే. సిగరెట్టుకు చివరంటూ ఉంటుంది, వేళ్లకు సెగ తగలగానే పారేస్తాం. వేప్‌కు ఆ సెగ లేదు. ఒకరోజు పని చేసుకుంటూ, పీల్చినప్పుడల్లా కాగితం మీద గీత గీశాను. మధ్యాహ్నానికి ఒక వైపు నిండిపోయింది. గీతలు గీయడం మానేశాను, వేప్ మానలేదు.

నిదానం:
నేను మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల నికోటిన్ సాల్ట్ వాడాను. అందులో కలిపే ఆమ్లం వల్ల ఘాటు తగ్గి గొంతు మండదు. ఆ మంటే మనల్ని ఆపేదని వికారం, చల్లని చెమటలు పట్టిన రోజున గానీ తెలియలేదు. తర్వాత 6కు దిగితే ద్రవం మూడింతలు ఖర్చయింది! ఒళ్లు తన వాటా తాను రాబట్టుకుంటుంది.

లెక్కలపిచ్చి:
అందుకే సీసా మీది అంకెను నమ్ముకోలేం. పరికరం వేడి, దమ్ము పొడవు కూడా లెక్కలోకి వస్తాయి. తారు, కార్బన్ మోనాక్సైడ్ పొగాకు కాలడం వల్ల పుట్టేవి, ఆ సంగతి వేరు. వేకువపిట్ట గారూ, నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి దమ్ము తీస్తున్నారు? సిగరెట్ల మీద ఎంతగా ఆధారపడ్డారో కొలిచే ఫాగర్‌స్ట్రోమ్ ప్రశ్నల్లో ఇదీ ఒకటి. ఐదు నిమిషాల్లోపు అయితే ఎక్కువ మార్కులు.

వేకువపిట్ట:
సిగరెట్లప్పుడు స్నానం అయ్యేదాకా ఆగేవాణ్ణి. ఇప్పుడు కళ్లు పూర్తిగా తెరవకముందే చెయ్యి దిండు కిందికి వెళుతోంది.