పాజిట్రాన్, ప్రోటాన్ రెండూ ఒకే వైపు వంగితే తేడా ఎలా తెలుస్తుంది?

సందేహాల పుట్ట:
అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద 2011 నుంచి పనిచేస్తున్న, అంతరిక్షం నుంచి వచ్చే కణాలను గుర్తించే ఏఎంఎస్-02 పరికరం గురించి చదువుతున్నాను. అయస్కాంతంలో కణం ఎటు వంగిందో చూసి ఆవేశం ధనమో ఋణమో తేలుస్తారు, అంతవరకు అర్థమైంది. కానీ ప్రోటాన్‌కూ పాజిట్రాన్‌కూ (ఎలక్ట్రాన్‌కు ధనావేశపు జోడీ) ఆవేశం ఒకటే. ద్రవ్యవేగం సమానమైతే వంపూ ఒకటే. పైగా ప్రోటాన్లు వేల రెట్లు ఎక్కువ. ఇసుకలోంచి చీమ పంచదార ఏరినట్టు వీటిని ఎలా ఏరుతున్నారు?

సీసపు ఇటుక:
సరైన చోటే పట్టుకున్నారు. అయస్కాంతం ఒక్కదానితో ఆ చిక్కు వీడదు. చదువుకునే రోజుల్లో నేను రెండు సింటిలేటర్ పలకలు (కణం దూసుకుపోతే మెరిసేవి) పైనా కిందా పెట్టి, రెండింటిలో ఒకేసారి మెరుపు వస్తే లెక్కపెట్టేవాడిని. ఏదో దూసుకుపోయిందని తెలిసేది, ఏది పోయిందో తెలిసేది కాదు. మధ్యలో సీసం ఇటుకలు పేర్చాక ఎలక్ట్రాన్లు చాలావరకు ఆగిపోయాయి, మ్యూయాన్లు (ఎలక్ట్రాన్ లాంటివే కానీ చాలా బరువైన కణాలు) వాటిని ఖాతరు చేయలేదు. నా పేరు వెనుక కథ అదే.

ఏఎంఎస్ అడుగున ఉన్నదీ సీసమే, మధ్యలో మెరిసే సన్నని పోగులతో. పాజిట్రాన్ అందులో అడుగుపెట్టగానే కొత్త కణాల జల్లు పుట్టించి, తన శక్తినంతా దాదాపు అక్కడే ధారపోస్తుంది. ఆ శక్తి, వంపు చెప్పిన ద్రవ్యవేగంతో సరిపోతుంది. ప్రోటాన్ జల్లు లోతుగా మొదలై చిందరవందరగా పరుచుకుంటుంది, లేదా అసలు మొదలే కాదు. అందుకే లెక్క కుదరదు.

పైభాగంలో ఇంకో వడపోత ఉంది: 20 పొరల నారలాంటి పదార్థం. అదే ద్రవ్యవేగం ఉన్నా పాజిట్రాన్ సుమారు 1,836 రెట్లు తేలిక కాబట్టి, ఆ నార సరిహద్దులు దాటుతూ ఎక్స్-కిరణాలు విదిలిస్తుంది. పక్కనే ఉన్న జెనాన్ వాయువు గొట్టాలు వాటిని పట్టేస్తాయి. ప్రోటాన్ దాదాపు ఏమీ విదల్చదు.

గడియారం పిచ్చి:
దిశ సంగతి మరిచారు. కింది నుంచి పైకి వెళ్లే ప్రోటాన్‌ను పై నుంచి వచ్చిందని పొరబడితే, వంపు తిరగబడి, అది అచ్చంగా యాంటీప్రోటాన్‌లా (ప్రోటాన్‌కు ఋణావేశపు జోడీ) కనిపిస్తుంది! అందుకే అయస్కాంతానికి పైన, కింద సింటిలేటర్ పలకలు ఉంటాయి. వాటి మధ్య దూరం సుమారు 1.2 మీటర్లు, కాంతికి పట్టేది 4 నానోసెకన్లు. ముందు ఏది మెరిసిందో చెప్పలేకపోతే మిగతా పరికరమంతా వృథా.

సందేహాల పుట్ట:
ఇది నాకు తట్టనే లేదు. మరి ఒకే మూలకంలో ఐసోటోపులను (ఆవేశం ఒకటే, ద్రవ్యరాశి వేరైన కేంద్రకాలను) విడదీయగలరా?

సీసపు ఇటుక:
కణాన్ని పూర్తిగా ఆపగలిగితే తేలిక. అంతరిక్ష కణాలను కొలవడానికి 1997లో పంపిన ఏస్ ఉపగ్రహంలో సిలికాన్ పలకల దొంతరలు ఉన్నాయి. ఆవేశం రెట్టింపైతే పలకలో వదిలే శక్తి నాలుగింతలవుతుంది కాబట్టి మూలకం తెలుస్తుంది. చివరి పలకలో ఆగేలోపు మొత్తం ఎంత శక్తి వదిలిందో కలిపి చూస్తే ద్రవ్యరాశి బయటపడుతుంది. అలా 17 ఏళ్లలో దాదాపు 3 లక్షల ఇనుము కేంద్రకాల మధ్య ఐరన్-60 అనే రేడియోధార్మిక ఐసోటోపు కేంద్రకాలు 15 దొరికాయి. దాని అర్ధాయువు, అంటే అందులో సగం క్షయమైపోయే కాలం, 26 లక్షల సంవత్సరాలు. అంటే అవి పుట్టిన సూపర్‌నోవా మరీ పాతది కాదు, మరీ దూరానిదీ కాదు.