బార్తోక్ రుమేనియన్ నాట్యాలు సెల్లో మీద: లయ సాగదీయొచ్చా, కూడదా?

మంద్రస్థాయి:
హంగరీ స్వరకర్త బేలా బార్తోక్ 1915లో పియానోకి రాసిన ఆరు రుమేనియన్ జానపద నాట్యాలను మూడు నెలలుగా సెల్లో (వయొలిన్ జాతిదే, ఇంకా పెద్దది, మంద్రంగా పలికేది) మీద సాధన చేస్తున్నాను. లుయిజీ సిల్వా సెల్లో, పియానోలకు మార్చిన రూపం అది. ఆరూ కలిపి అయిదారు నిమిషాలే. మొన్న ఇంట్లో నలుగురి ముందు వాయిస్తే పెద్ద వాదనే జరిగింది. లయను ఇష్టమొచ్చినట్టు సాగదీశానని ఒకరు, టిక్ టిక్‌మని లయ కొట్టే మెట్రోనోమ్ పెట్టినట్టు వాయిస్తే ప్రాణం పోతుందని ఇంకొకరు. నాకు సాగదీయడమే ఇష్టం, సెల్లో గొంతే అలాంటిది. మీరేమంటారు?

ఎడమచేయి:
పియానో వాయించేదాన్ని కాబట్టి సూటిగా చెప్తాను: సాగదీయకూడదు. ఇవి బార్తోక్ ఊహించి కట్టిన బాణీలు కావు. అప్పటి హంగరీలో ఉన్న రుమేనియన్ పల్లెలు తిరిగి, ఫిడేలు, పిల్లనగ్రోవి వాయించేవాళ్ల దగ్గర సేకరించినవి. జనం వీటికి అడుగులు వేశారు.

అయిదోది, పోర్గ రొమనేస్కా, తీసుకోండి. లెక్క మూడు, మూడు, రెండు. మన నోటికి తకిట తకిట తక. ఆదితాళంలాగే ఎనిమిది, కానీ విరుపు వేరు. చివరి ‘తక’ మీద మీరు ఒక్క క్షణం ఎక్కువ నిలిచారంటే అదీ తకిటలాగే వినిపిస్తుంది. ఆ నాట్యానికున్న కుంటినడక అంతా ఆ రెండులోనే ఉంది, అది అక్కడితో పోతుంది. రెండో నాట్యం బ్రౌల్ అయితే దాదాపు అరనిమిషం, అందులో సాగదీయడానికి చోటెక్కడ?

పల్లెగాలి:
మరి ఆ పల్లెల్లో పియానో ఎక్కడిదండీ? బాణీ కింద వినిపించే ఆ హార్మనీ, అంటే కలిసి మోగే స్వరాలు, అంతా బార్తోక్ పెట్టిందే. అప్పుడే ఇది కచేరీ సంగీతం అయిపోయింది.

మూడోది పె లోక్, అంటే ఉన్నచోటే ఆడే ఆట. పిల్లనగ్రోవి బాణీ. వయొలిన్ విద్వాంసుడు జోల్తాన్ సేకెయ్ ఈ నాట్యాలను వయొలిన్‌కి మార్చినప్పుడు దాన్ని హార్మోనిక్స్‌లో రాశాడు, తీగను అదిమిపట్టకుండా వేలితో తాకి వాయించాలి. సెల్లో మీద కూడా చాలామంది అలాగే చేస్తారు. అందులో రెండు స్వరాల మధ్య ఒక పెద్ద గెంతు ఉంది, మన మాయామాళవగౌళలో రి నుంచి గకి ఉన్నంత దూరం. రాగం అదేనని నేననడం లేదు. కానీ ఆ గెంతు దగ్గర కాస్త నిలవకపోతే చెవికి అందదు.

ఎడమచేయి:
అక్కడ నిలవండి, ఒప్పుకుంటాను. కానీ నిలిచేది సెల్లో ఒక్కటే. కింద నా చేతిలో శ్రుతిపెట్టెలా మోత సాగుతూనే ఉండాలి. పైన స్వరం ఆలస్యంగా వచ్చిందని వినేవాళ్లకు తెలిసేదే దానివల్ల. ఇద్దరం కలిసి ఆగామా, అది ఆలస్యం కాదు, ఆగిపోవడం. వయొలిన్ విద్వాంసుడు జోసెఫ్ సిగెటీతో బార్తోక్ తానే పియానో వాయించిన 1930 నాటి రికార్డింగ్ ఉంది. అందులో పియానోని మాత్రమే వినండి ఒకసారి.

మంద్రస్థాయి:
నిన్న రాత్రి అలాగే ప్రయత్నించాం. నా కోసం ఆగొద్దని పియానో ఆవిడకి చెప్పాను. పె లోక్ నిజంగా మారిపోయింది, ఆ విషయంలో మీదే నిజం. నాలుగోది, బుచుమేనా, మాత్రం తేలలేదు. మూడు లెక్కల్లో నెమ్మదిగా నడిచేది కదా, బాణీ రెండోసారి వచ్చేచోట నేను ఆగితే ఆవిడా నాతోపాటే ఆగిపోతోంది. ఆగకపోతే ఆ చోటు బోసిగా ఉంటోంది. మీరు అక్కడ ఎలా వాయిస్తారు, ఎడమచేయి గారూ?